మహిళల వ్యాపారానికి ఏ దేశంలో ఎంత వీలుంది? కొలవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సర్వే పనిలో చేరిన కొత్తలో ఒకావిడతో మాట్లాడింది నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "మీరు సొంతంగా ఏదైనా వ్యాపారం చేస్తున్నారా అండీ?" అని అడిగాను. కుట్టు మిషను మీద కాలు ఆపకుండానే, "నేనేం చేయనమ్మా, ఇంట్లోనే ఉంటా. వ్యాపారం ఆయనది" అంది. పక్క కుర్చీలో భర్త ఔనన్నట్టు తలూపాడు. "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టి లేవబోతున్నాను. అంతలో కుట్టిన బట్టల కోసం ఎవరో వచ్చారు. ఆవిడ మిషను కింది అరలోంచి నోటుపుస్తకం తీసింది. పేరు, కొలతలు, ఇచ్చిన అడ్వాన్సు, రావలసిన బాకీ, అన్నీ ఆవిడ చేతిరాతే. రేటు చెప్పింది ఆవిడ. ఎప్పటికి ఇవ్వగలదో చెప్పింది ఆవిడ. పాత బాకీ మెత్తగా గుర్తుచేసిందీ ఆవిడే. ఆయన లేచి సంచి అందించాడు, అంతే. నా ఫారం ప్రకారం మాత్రం ఆ ఇంట్లో వ్యాపారి ఆయన. ఆవిడ ఏ పనీ లేని మనిషి.

ఇప్పుడు నేను ఫీల్డుకి వెళ్లడం తక్కువ. పదుల దేశాల పట్టికలు ముందేసుకుని, ఆడవాళ్లు వ్యాపారం పెట్టుకోవడానికి, నిలబెట్టుకోవడానికి ఎక్కడ పరిస్థితులు ఎలా ఉన్నాయో పోల్చి రాస్తుంటాను. విద్యార్థులు, విలేకరులు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు తరచూ అడుగుతారు, "ఈ పోలిక మేమూ చేయాలి, ఎలా?" అని. వాళ్ల కోసమే ఇది. నేను పట్టిక మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ నోటుపుస్తకం గుర్తొస్తుంది. ఆ పుస్తకం ఏ అంకెలోకి వచ్చింది, ఏ అంకెలోంచి జారిపోయింది అని వెతుక్కుంటాను. మీరూ పక్కన అలాంటి ఒక మనిషిని పెట్టుకుని చదవండి.

ముందు రెండు ప్రశ్నలు విడదీయండి

"ఎంతమంది ఆడవాళ్లు వ్యాపారం చేస్తున్నారు?" అనేది ఒక ప్రశ్న. "చేయాలనుకున్న ఆడమనిషికి దారి ఎంత తెరిచి ఉంది?" అనేది ఇంకొకటి. మొదటిది ఫలితం, రెండోది పరిస్థితి. ఈ రెండూ కలిపేసి ఒక అంకె తయారు చేస్తే అది దేన్నీ చెప్పదు.

మాస్టర్‌కార్డ్ సంస్థ మహిళా వ్యాపారుల మీద వేసిన సూచీలో 2018 సంవత్సరానిది తీసుకోండి. దేశంలోని మొత్తం వ్యాపార యజమానుల్లో ఆడవాళ్ల వాటా ఎక్కడ ఎక్కువ అని చూస్తే ఘనా అన్నిటికంటే ముందుంది, 46 శాతం పైగా. అదే నివేదికలో పరిస్థితులన్నీ కలిపి వేసిన మొత్తం స్కోరులో మొదటి స్థానం న్యూజిలాండ్‌ది. ఇందులో తప్పేమీ లేదు. ఉద్యోగాలు దొరకని చోట బతుకుతెరువు కోసం ఆడవాళ్లు చిన్న వ్యాపారం పెట్టుకోక తప్పదు, కాబట్టి వాటా పెరుగుతుంది. మంచి జీతం, ప్రసూతి సెలవు ఉన్న ఉద్యోగం దొరికే చోట కొందరు వ్యాపారం జోలికే రారు, కాబట్టి వాటా తగ్గవచ్చు. ఎక్కువ ఉండటం స్వేచ్ఛకు గుర్తూ కావచ్చు, గత్యంతరం లేకపోవడానికి గుర్తూ కావచ్చు.

అందుకే ఎందుకు మొదలుపెట్టారన్నది వేరే వరుసలో పెట్టాలి. ఇందుకు గ్లోబల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ మానిటర్ పనికొస్తుంది. జెమ్ అంటారు. అమెరికాలోని బాబ్సన్ కాలేజీ, లండన్ బిజినెస్ స్కూల్ కలిసి మొదలుపెట్టాయి, మొదటి నివేదిక 1999లో వచ్చింది. ఇందులో ఎక్కువగా వాడే కొలత పేరు టీ.ఈ.ఏ. 18 నుంచి 64 ఏళ్ల మధ్య వయసువాళ్లలో వ్యాపారం పెట్టే ప్రయత్నంలో ఉన్నవాళ్లు, పెట్టి 42 నెలలు దాటనివాళ్లు ఎంత శాతమో అది చెబుతుంది. ఎందుకు పెట్టారన్నదానికి 2019 నుంచి నాలుగు కారణాలు విడివిడిగా అడుగుతున్నారు: లోకంలో మార్పు తేవాలని, బాగా సంపాదించాలని, ఇంటి ఆనవాయితీ కొనసాగించాలని, ఉద్యోగాలు దొరక్క బతకడానికని. అంతకుముందు "అవసరం", "అవకాశం" అని రెండే డబ్బాలు ఉండేవి. ఒక మనిషికి రెండూ ఉంటాయి కదా అని నాకు ఎప్పుడూ బాధగా ఉండేది. ఇప్పుడు ఒకరే ఒకటికి మించి కారణాలకు ఔనని చెప్పవచ్చు. ఈ నాలుగో కారణం ఆడవాళ్లలో ఎంత, మగవాళ్లలో ఎంత అన్నది చూడకుండా టీ.ఈ.ఏ. ఒక్కటే వాడకండి.

ఇంకో మాట. జెమ్ అడిగేది మనిషిని, రిజిస్టరును కాదు. అంటే లైసెన్సు లేని వ్యాపారం కూడా లెక్కలోకి వస్తుంది. ఇది పెద్ద మేలు. కానీ మనిషి తన పనిని వ్యాపారం అనుకుంటేనే. మన కుట్టు మిషను ఆవిడ అనుకోలేదు.

చట్టం: స్కోరు పక్కన పెట్టి జవాబులు చదవండి

చట్టపరమైన పరిస్థితికి ప్రపంచ బ్యాంకు వేసే "విమెన్, బిజినెస్ అండ్ ద లా" నుంచి మొదలుపెట్టండి. 190 దేశాల చట్టాలను ఒకే ప్రశ్నలతో చదువుతారు. చాలా ఏళ్లు 35 ప్రశ్నలు, ఎనిమిది విభాగాలుగా సాగింది. వాటిలో వ్యాపారానికి సంబంధించిన విభాగంలో ఉన్నవి నాలుగే ప్రశ్నలు. అప్పు ఇచ్చేటప్పుడు ఆడా మగా తేడా చూపడాన్ని చట్టం నిషేధించిందా? మగవాడిలాగే ఆడమనిషి ఒప్పందం మీద సంతకం పెట్టగలదా? మగవాడిలాగే వ్యాపారం రిజిస్టరు చేయగలదా? మగవాడిలాగే బ్యాంకు ఖాతా తెరవగలదా?

నాలుగూ ఔనైతే 100, మూడైతే 75. భారతదేశానికి ఇందులో వచ్చింది 75. పోయిన ఆ ఒక్కటీ మొదటి ప్రశ్న దగ్గర పోయింది. చాలా దేశాలు జారేది అక్కడే. "75" అని మాత్రమే రాస్తే చదివేవాళ్లకు ఏం అర్థమవుతుంది? "ఖాతా తెరవచ్చు, సంతకం పెట్టవచ్చు, రిజిస్టరు చేయవచ్చు, అప్పు దగ్గర వివక్షను ఆపే చట్టం మాత్రం లేదు" అని రాస్తే, ఏం మారాలో చదివినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. అందుకే నా పట్టికలో స్కోరు పక్కన నాలుగు గళ్లు ఎప్పుడూ ఉంటాయి.

ఈ ప్రశ్నలు పాత కాలపువిగా అనిపిస్తాయేమో. కావు. ఫ్రాన్సులో పెళ్లయిన మహిళ భర్త అనుమతి లేకుండా సొంత ఖాతా తెరవగలిగింది 1965 చట్టం తర్వాతే. అమెరికాలో వ్యాపార రుణానికి ఆడవాళ్లు ఇంట్లో మగవాళ్ల చేత సంతకం పెట్టించాలన్న కొన్ని రాష్ట్రాల నిబంధనలు పూర్తిగా పోయింది 1988లో. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో పెళ్లయిన మహిళ భర్త అనుమతి లేకుండా వ్యాపారం రిజిస్టరు చేయడానికి, ఖాతా తెరవడానికి వీలు కలిగింది 2016 కుటుంబ చట్ట సవరణతో. ఆ అనుమతి కోసం ఎదురుచూసిన మనుషులు ఇంకా మన మధ్యే ఉన్నారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ సూచీ ఊహించుకునే మహిళ దేశంలోని ప్రధాన వ్యాపార నగరంలో ఉంటుంది, ఆమె పెళ్లి చట్టప్రకారం నమోదై ఉంటుంది. పల్లెలో, రాసిపెట్టని ఆచారాల కింద బతికే మనిషి గురించి ఇది చెప్పదు. రెండోది, కాగితం మీది చట్టం ఒక్క రోజులో మారుతుంది. సౌదీ అరేబియా స్కోరు 2020 నివేదికలో 31.8 నుంచి 70.6కి ఒకేసారి పెరిగింది. ఆ సంస్కరణలు నిజంగా పెద్దవే. అయినా ఒక మహిళ బ్యాంకు కౌంటరు దగ్గర పొందే జవాబు అంత వేగంగా మారిందని ఈ అంకె ఒక్కటే చూసి రాయలేం.

ప్రపంచ బ్యాంకు వాళ్లే 2024లో ఈ లోటు పూడ్చే ప్రయత్నం చేశారు. భద్రత, పిల్లల సంరక్షణ అని రెండు విభాగాలు కలిపారు. చట్టంతోపాటు, దాన్ని అమలు చేసే ఏర్పాట్లు ఉన్నాయా అని కూడా చూశారు. ఫలితం చూస్తే గుండె కలుక్కుమంటుంది. పాత పద్ధతిలో మగవాళ్ల హక్కుల్లో ఆడవాళ్లకు సగటున 77 శాతం ఉన్నాయనుకున్నాం. కొత్త పద్ధతిలో అది 64. అమలుకు అవసరమైన ఏర్పాట్లయితే సగటున 40 శాతం కూడా లేవు. సమాన పనికి సమాన జీతం చట్టం 98 దేశాల్లో ఉంటే, జీతాల వివరాలు బయటపెట్టించే ఏర్పాటు 35 దేశాల్లోనే ఉంది. మీ పట్టికలో పాత పద్ధతి స్కోరు, కొత్త పద్ధతి స్కోరు ఒకే వరుసలో పెట్టకండి. "గత ఏడాదికంటే పడిపోయింది" అని తప్పుడు వార్త రాయాల్సి వస్తుంది. ఆ తప్పు అచ్చులో చూశాను.

డబ్బు దగ్గర

ఖాతాల లెక్కకు ప్రపంచ బ్యాంకువారి గ్లోబల్ ఫిండెక్స్ ఉంది. 2011లో మొదలై కొన్నేళ్లకోసారి వస్తుంది. 2021 లెక్క ప్రకారం అభివృద్ధి చెందుతున్న దేశాల్లో మగవాళ్లలో 74 శాతానికి, ఆడవాళ్లలో 68 శాతానికి ఖాతా ఉంది. తేడా ఆరు పాయింట్లు. ఖాతా ఉండటం వేరు, వాడటం వేరు. అదే 2021లో భారతదేశంలో ఆడా మగా మధ్య ఖాతాల తేడా దాదాపు మాయమైంది. కానీ ఖాతా ఉన్నవాళ్లలో 35 శాతం మంది ఏడాదిగా అందులో డబ్బు వేయలేదు, తీయలేదు. కాబట్టి ఖాతా ఉందా అన్న గడి పక్కనే వాడుతున్నారా, వ్యాపారం కోసం అప్పు తీసుకున్నారా, ఎక్కడ తీసుకున్నారు అన్న గళ్లు ఉండాలి.

అప్పు సంగతి తవ్వితే తాకట్టు దగ్గర ఆగుతాం. బ్యాంకు అడిగేది ఆస్తి కాగితం, ఆ కాగితం ఎవరి పేరున ఉంటుంది? ఆస్తి హక్కును ఎలా అడగాలో ఐక్యరాజ్యసమితి గణాంక విభాగం, యూఎన్ విమెన్ కలిసి ఎడ్జ్ అనే ప్రాజెక్టు కింద పరిశోధించి 2019లో మార్గదర్శకాలు అచ్చేశాయి. నా పనిలో నాకు బాగా ఉపయోగపడింది అందులోని ఒక విభజన. "ఇది నాది" అని మనిషి అనుకోవడం ఒకటి. కాగితం మీద పేరుండటం ఒకటి. అమ్మే హక్కు ఒకటి, వారసులకు రాసే హక్కు ఇంకొకటి. ఈ నాలుగూ ఒకే మనిషి దగ్గర ఉండాలని లేదు. "మీకు ఇల్లు ఉందా?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఇవన్నీ కలిసిపోతాయి.

"మహిళల సంస్థ" అంటే ఏమిటన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. లేకపోతే ఒక దేశం అంకె ఇంకో దేశం అంకెతో పోలదు. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐ.ఎఫ్.సి. లెక్కలో 51 శాతం వాటా ఆడవాళ్లదైతే అది మహిళల సంస్థ. వాటా 20 శాతమే ఉన్నా, అత్యున్నత అధికారుల్లో ఒక్కరైనా మహిళ అయి, బోర్డు ఉన్నచోట అందులో 30 శాతం ఆడవాళ్లుంటే అదీ లెక్కే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2021లో ఐ.డబ్ల్యు.ఎ. 34 పేరుతో ఒక నిర్వచనం ఇచ్చింది. అందులో వాటా సగానికి మించి ఉండటంతోపాటు నిర్వహణ, అదుపు ఆడవాళ్ల చేతిలో ఉండాలి. మరి భార్యాభర్తలు చెరి సగం పెట్టుకున్న సంస్థ? 51 గీత గీస్తే అది బయటికి పోతుంది. అమెరికా జనగణన విభాగం ఇలాంటివాటికి "సమాన వాటా" అని మూడో వరుస పెట్టింది. నాకు ఆ పద్ధతి నచ్చింది, నేనూ అలాగే చేస్తాను.

సంస్థల వైపు నుంచి సమాచారం కావాలంటే ప్రపంచ బ్యాంకు ఎంటర్‌ప్రైజ్ సర్వేలు ఉన్నాయి. యాజమాన్యంలో మహిళ ఉందా, అత్యున్నత మేనేజరు మహిళా అని అడుగుతారు. అప్పు అడిగారా, ఎందుకు అడగలేదు అని కూడా ఉంటుంది. చాలా మంచి ప్రశ్నలు. కానీ ఈ సర్వే వెళ్లేది రిజిస్టరై, కనీసం అయిదుగురు పనివాళ్లు ఉన్న సంస్థలకే. ఆడవాళ్లు నడిపే వ్యాపారాల్లో పెద్ద భాగం ఒంటరిగా నడిచేవే కాబట్టి ఇందులో కనిపించవు. నోటుపుస్తకం ఆవిడ ఇక్కడా లేదు. పట్టిక కింద ఈ ముక్క రాయకుండా ఆ శాతాలు వాడకండి.

బ్యాంకుల నుంచే ఆడా మగా వేరుచేసిన లెక్క దొరికితే అంతకంటే మంచిది లేదు. చిలీ దేశంలో బ్యాంకు నియంత్రణ సంస్థ ఈ పని రెండు దశాబ్దాలకు పైగా చేస్తోంది. ఇచ్చిన రుణాలే కాదు, తిరిగి కట్టిన తీరు కూడా తెలుస్తుంది. చాలా దేశాల్లో రుణ దరఖాస్తులో ఆ గడి ఉన్నా, కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు వదిలేస్తారు.

సమయం అనే పెట్టుబడి

ఎక్కువ సూచీలు తేలిగ్గా వదిలేసేది ఇదే. నా దృష్టిలో అన్నిటికంటే బరువైనదీ ఇదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం, ఇంట్లో జీతం లేని సంరక్షణ పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 4 గంటల 25 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 1 గంట 23 నిమిషాలు పెడుతున్నారు. ఆ మూడు గంటల తేడా వ్యాపారం నుంచే తీసినది. సరుకు కోసం దూరం వెళ్లలేకపోవడం, సాయంత్రం సమావేశానికి రాలేకపోవడం, పెద్ద ఆర్డరు వద్దనడం అన్నీ అందులోంచే పుడతాయి.

ఈ సమాచారం సమయ వినియోగ సర్వేల్లో దొరుకుతుంది. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 5.4.1 సూచిక ఇదే. దేశాలన్నిటికీ ఉండదు, ఉన్నా వేర్వేరు ఏళ్లవి. రెండు దేశాల సర్వేలు పోల్చే ముందు ఒకటి తప్పక చూడండి. ఒకేసారి చేసే పనులను ఎలా రాశారు? పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని లెక్కలు రాస్తున్న గంటను ఒక సర్వే వ్యాపారమని రాస్తుంది, ఇంకోటి పిల్లల పని అని రాస్తుంది. డైరీ పద్ధతిలో అడిగారా, జ్ఞాపకం మీద చెప్పమన్నారా అన్నదాన్ని బట్టి కూడా గంటలు మారిపోతాయి. పద్ధతి కలవకపోతే ఆ రెండు దేశాలనూ పోల్చకుండా వదిలేయడమే మంచిది.

మార్కెట్టు, శిక్షణ, టెక్నాలజీ వంటివి కూడా కావాలి. వాటికి అంతర్జాతీయ కార్మిక సంస్థ వాడిన ఆరు అంశాల చట్రం మంచి చెక్‌లిస్టు: చట్టం, ప్రభుత్వ నాయకత్వం, ఆర్థిక సేవలు, వ్యాపార సలహా సేవలు, మార్కెట్టూ టెక్నాలజీ, విధానాలు చేసేచోట ఆడవాళ్ల గొంతు. ఆ చివరిది చాలామంది వదిలేస్తారు. వ్యాపారుల సంఘాల్లో ఆడవాళ్లు ఎంతమంది పదవుల్లో ఉన్నారో చూడండి, లెక్క దొరకడం కష్టమేమీ కాదు.

అంకెలు కలిపేటప్పుడు

నా చేతి మీదుగా జరిగిన తప్పు ఒకటి చెబుతాను. ఒకసారి పట్టికలో ఖాళీ గళ్లున్నాయి. సూత్రం వేసేటప్పుడు ఆ ఖాళీలు సున్నాలుగా మారిపోయాయి, నేను చూసుకోలేదు. ఒక దేశం ఒక్కసారిగా అట్టడుగుకు పోయింది. నివేదిక బయటికి వెళ్లాక ఆ దేశం నుంచి ఒకామె ఉత్తరం రాసింది. "మా దేశంలో ఆ సర్వే జరగనేలేదు. మేం సున్నా ఎలా అయ్యాం?" అని. ఆమెకు క్షమాపణ రాసి, పట్టిక మొత్తం మళ్లీ చేశాను. సమాచారం లేకపోవడం, పరిస్థితి చెడ్డగా ఉండటం రెండూ ఒకటి కావు. ఖాళీని ఖాళీగానే చూపించండి. ఒక దేశానికి సగానికి పైగా గళ్లు ఖాళీ అయితే మొత్తం స్కోరు ఇవ్వకండి.

తర్వాతది సగటు. క అనే దేశానికి చట్టంలో 90, రుణంలో 90, సమయంలో 15 వచ్చాయనుకోండి. గ అనే దేశానికి మూడింటిలోనూ 65. మామూలు సగటు వేస్తే రెండూ 65 దగ్గరే నిలబడతాయి. కానీ క దేశంలో ఆడమనిషికి వ్యాపారం చేసే సమయమే లేదు. చట్టం ఎంత బాగున్నా ఆ లోటు తీరదు. మూడు అంకెల్ని గుణించి ఘనమూలం తీస్తే, అంటే గుణోత్తర సగటు వేస్తే, క దేశం 50 దగ్గరికి దిగుతుంది, గ దేశం 65 దగ్గరే ఉంటుంది. నిజానికి ఇది దగ్గర. మానవాభివృద్ధి సూచీ కూడా 2010లో ఈ పద్ధతికి మారింది. 77 దేశాలతో 2015లో వచ్చిన ఫిమేల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ ఇండెక్స్ ఇంకో దారి పట్టింది. ఒక దేశంలో అన్నిటికంటే బలహీనంగా ఉన్న అంశం మిగతా అంశాల స్కోరును కూడా కిందికి లాగేలా లెక్క కట్టారు. ఏ దారి పట్టినా, రెండు పద్ధతుల్లోనూ వేసి చూడండి. పద్ధతి మారితే స్థానం బాగా మారే దేశాల పేర్లు రాసిపెట్టండి. అసలు చెప్పవలసిన సంగతి వాటి దగ్గరే ఉంటుంది.

ఆడా మగా నిష్పత్తి ఒక్కటే ఇవ్వకండి. ఒక దేశంలో ఆడవాళ్లు 3 శాతం, మగవాళ్లు 3 శాతం వ్యాపారం పెడుతుంటే నిష్పత్తి 1. ఇంకో దేశంలో 15, 20 అయితే 0.75. మొదటి దేశంలో సమానత్వం ఉందా, ఎవరికీ దారి లేదా? నిష్పత్తి పక్కన అసలు శాతాలు ఉంటేనే తెలుస్తుంది.

శాంపిల్ సంగతి. జెమ్ ఒక్కో దేశంలో కనీసం 2000 మందిని అడుగుతుంది. అందులో ఆడవాళ్లు సుమారు 1000. టీ.ఈ.ఏ. 6 శాతం అంటే లెక్కలోకి వచ్చింది 60 మంది. అంత చిన్న సంఖ్యకు అటూ ఇటూ ఒకటిన్నర పాయింటు ఊగిసలాట సహజం. అంటే నిజం 4.5కీ 7.5కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 6 వచ్చిన దేశం కంటే 7 వచ్చిన దేశం మెరుగు అని శీర్షిక పెట్టడం అన్యాయం. నేను ర్యాంకులు ఇవ్వడం మానేసి, దేశాలను నాలుగు గుంపులుగా చూపిస్తున్నాను. సంపాదకులకు ర్యాంకులే కావాలి, ఆ వాదన ప్రతిసారీ జరుగుతుంది. ర్యాంకులో ఇంకో ఇబ్బంది, చేరే దేశాలు మారితే అదీ మారుతుంది. మాస్టర్‌కార్డ్ సూచీలో 2018లో 57 దేశాలుంటే 2021లో 65. మీ దేశంలో ఏమీ మారకపోయినా స్థానం కదులుతుంది.

పాత లెక్కలు వాడేటప్పుడు ఏ ఏడాది ఏం మారిందో పక్కన ఒక కాలమ్ పెట్టండి. అమెరికాలో రుణ సంతకాల గురించి చెప్పానే, ఆ 1988 చట్టమే జనగణన విభాగాన్ని ఇంకో పని చేయమంది: అప్పటిదాకా మహిళల వ్యాపారాల లెక్కలోకి రాని సి కార్పొరేషన్లు అనే రకం కంపెనీలను కూడా కలపమంది. ఆ తర్వాత పెరిగిన అంకెలో కొంత నిజమైన పెరుగుదల, కొంత అప్పటిదాకా లెక్కపెట్టనివాళ్లను లెక్కపెట్టడం. ఏ దేశంలో వ్యాపారం చేయడం ఎంత సులువో కొలిచిన ప్రపంచ బ్యాంకు డూయింగ్ బిజినెస్ నివేదిక, సమాచారంలో అవకతవకలు బయటపడి 2021లో ఆగిపోయింది. దాని పాత స్కోర్లు ఇప్పటికీ చాలా పట్టికల్లో తిరుగుతున్నాయి, చూసుకోండి.

చివరగా, మనుషుల దగ్గరికి

పట్టిక పూర్తయ్యాక, వీలైతే మీకు అందుబాటులో ఉన్న ఇరవై మంది ఆడవాళ్లతో మాట్లాడండి. ఇరవై మందితో దేశం లెక్క తేలదు. మీ గళ్లు సరైనవో కాదో మాత్రం తేలుతుంది. నిపుణుల అభిప్రాయం చాలు అనుకోవద్దు. జెమ్ కూడా ఒక్కో దేశంలో కనీసం 36 మంది నిపుణులను అడుగుతుంది, అది విలువైనదే. కానీ నిపుణులకు కనిపించేది రిజిస్టరైన, నగరంలోని వ్యాపారం.

మనిషిని ఒంటరిగా అడగాలి. ఎడ్జ్ మార్గదర్శకాలు కూడా ఆస్తి గురించి ఎవరినైతే అడుగుతున్నామో వాళ్లతోనే నేరుగా మాట్లాడమంటాయి, ఇంటి పెద్ద చెప్పింది రాసుకోవద్దంటాయి. పక్కన ఎవరైనా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి లేవండి. ఇద్దరు వెళ్తే సులువు, ఒకరు ఇంట్లోవాళ్లతో వేరే ప్రశ్నలు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆమెతో మాట్లాడవచ్చు. "వ్యాపారం" అన్న మాటతో మొదలుపెట్టకండి. "పోయిన వారం డబ్బు వచ్చే పని ఒక్క గంటైనా చేశారా?" అని అడగండి. కార్మిక గణాంకాల్లో పని అంటే ఆ ఒక్క గంట చాలు. ఔనంటే అప్పుడు నెమ్మదిగా: రేటు ఎవరు చెబుతారు? బాకీలు ఎవరు రాస్తారు? వచ్చిన డబ్బు ఎవరి చేతికి వస్తుంది, దాన్ని ఖర్చుపెట్టాలంటే ఎవరినైనా అడగాలా? లైసెన్సు ఉంటే ఎవరి పేరున ఉంది? మీకు రెండు రోజులు ఒంట్లో బాగాలేకపోతే పని సాగుతుందా, ఆగిపోతుందా?

ఆ చివరి ప్రశ్న నేను కుట్టు మిషను ఆవిడ ఇంటికి రెండోసారి వెళ్లినప్పుడు అడిగాను. ఆ పూట ఆయన ఇంట్లో లేడు. ఆవిడ కాలు ఆపింది. కాసేపు ఆలోచించి, "ఆగిపోతుందమ్మా" అంది. ఆ రోజు పాత ఫారం పక్కన పెట్టి కొత్త ఫారం తీసుకున్నాను.